మాటల తేడా

ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ పడితే చదివేవాళ్లు మన్నించాలి. ఏభై దాటాక పలక పట్టిన చేయి ఇది. ఒక్కో వాక్యానికి ఒక్కో పూట పడుతుంది. నేను అని మొదలుపెడితే ఒక్క ముక్కా సాగలేదు. పరాయిదాని పేరు రాసినట్టు భూలక్ష్మి అని రాసుకుంటే కలం కదిలింది. అందుకని అట్లాగే రాస్తున్నాను.

మాదాపూర్‌లో ఆ అద్దాల బిల్డింగు కింది అంతస్తులో, కూర్చుంటే లోపలికి లాగేసుకునే సోఫా అంచున, జారిపోకుండా కాళ్లు నేలకు తన్నిపెట్టి భూలక్ష్మి కూర్చుని ఉంది. కంటి దవాఖానకని తల్లీకూతుళ్లు బయలుదేరారు, రాయదుర్గం దాటారో లేదో కూతురి ఫోను మోగింది, ఆటో ఇటు తిరిగింది. "జర కూసో అమ్మా, మీటింగట, గంటల వస్త" అని పుణ్యవతి మెడలో కార్డు వేసుకుని లిఫ్టులోకి వెళ్లింది. తలుపులు మూసుకునేలోపు ఒకసారి తల్లి వైపు చూసింది. ఏం మీటింగో భూలక్ష్మికి తెలుసు, వారం రోజులుగా ఇంట్లో అన్నం కంటే ఎక్కువ నమిలింది ఆ మాటే. పైన ఇప్పుడు దాన్ని అడుగుతారు, ఆ ఒక్క ఫెయిలు కూడా మాటల తేడానే అని ఒప్పుకుంటావా, ఒప్పుకోవా అని. ఒప్పుకుంటే కాంట్రాక్టు ఇంకో ఏడాది నడుస్తుంది. కాదంటే నెలాఖరుకు కార్డు వాపసు ఇచ్చి ఇంటికి రావాలి. నలభై దాటిన ఆడదాన్ని ఇంకెవరు పిలుస్తారు, పక్క కుర్చీల్లో పిల్లలు ఇప్పటికే ఆంటీ అంటున్నారు, అక్కా అన్న మాట కూడా పోయింది. సోఫా చల్లగా ఉంది. నేలంతా నల్లటి గ్రానైటు, ముఖం కనపడేట్టు సాన పట్టారు. భూలక్ష్మి అందులో తన ముఖం చూసుకోలేదు, ఆ రాయి ఏ గుట్టదో అనుకుంది, అనుకుని ఆ ఆలోచనను అక్కడే తొక్కిపెట్టి లిఫ్టు పైన మారే అంకెల వైపు చూసింది. అంకెలు తనకు బాగానే వచ్చు, అక్షరాలకంటే ముందు అవే వచ్చాయి, బస్సుల పుణ్యాన.

కూతురు పొద్దస్తమానం అనే ఆ షెల్లు అంటే ఏందే అని ఒకనాడు అడిగింది. పుణ్యవతి టమాట కోస్తూ చెప్పింది, మేస్త్రి లెక్క అమ్మా అంది, మనం చెప్పిన మాట తీస్కపోయి లోపల మిషనుతోని పని చేయిస్తది, అది ఏమన్నదో మళ్ల మనకొచ్చి చెప్తది. ఆ మేస్త్రి సరిగ్గా ఉన్నాడో లేడో పరీక్ష పెట్టడం దాని ఉద్యోగం. ఒక ప్రశ్న, పక్కన రావలసిన జవాబు. మిషను ఇచ్చిన జవాబును దాని పక్కన పెట్టి అక్షరానికి అక్షరం పోలుస్తారు, చుక్క తేడా వచ్చినా ఫెయిలు. కష్టం ఏంటంటే మిషన్లు ఒక్కటి కాదు. అన్నిటికీ యూనిక్సనే ఇంటిపేరు, కానీ పాలోళ్ల ఇళ్లలాగా పొయ్యిలు వేరు, ఒక్కొక్కదానిది ఒక్కొక్క యాస. ఫలానా కాగితం లేదు అని ఒకటి అంటే, దొరకలేదు అని ఇంకొకటి అంటుంది, అట్లాంటిదేమీ ఉండదు అని మూడోది ముఖాన కొడుతుంది. అర్థం ఒకటే, పరీక్షకు మాత్రం రెండు ఫెయిళ్లు. అక్షరాలను వరసలో కూర్చోబెట్టమంటే ఒక మిషను పెద్దక్షరాలన్నిటినీ ముందు కూర్చోబెట్టి చిన్నవాటిని వెనక్కి తోస్తుంది, ఇంకో మిషను చిన్నాపెద్దా కలిపి కూర్చోబెడుతుంది, ఊరికో తీరుగా బంతి భోజనాల్లాగా. "అయితే తప్పెవల్ది?" అంది భూలక్ష్మి. "తప్పెవల్ది కాదు. పరీక్ష రాసినోడు వాని మిషన్ల చూసి జవాబు రాసిండు. వాని మిషను ఒక్కటే ఉన్నదనుకున్నడు లోకంల" అంది కూతురు. ఫెయిలైన ప్రతిదాన్నీ పట్టుకుని ఇది యాస తేడానా, నిజంగా చెడిందా అని విడదీయాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టే, కానీ ఇక్కడ రాయి కూడా తెల్లగానే ఉంటుంది.

దొర ముచ్చట విన్ననాడు మాత్రం భూలక్ష్మికి నవ్వొచ్చింది, చేదుగా. ఒక కాగితానికి తాళం వేసి, ఎవరికీ తెరుచుకోకూడదు అని పరీక్ష. ఒక కొత్త పిల్లవాడు ఆ పరీక్షను రూటు పేరు మీద నడిపాడు. రూటు అంటే మిషనుకు దొర అమ్మా, దొరకు తాళం గీళం ఉండవు, సక్కగ తెరిచి లోపలికి పోయిండు, పరీక్షేమో తాళం పని చేస్తలేదు ఫెయిలు అన్నది. భూలక్ష్మి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. బోనాలనాడు, తనకు తొమ్మిదో పదో ఏళ్లు, దొర మనుషులు గొళ్లెం పెట్టిన తలుపు తోసుకుని వచ్చి మేకపోతును తాడుతో సహా పట్టుకుపోయారు. నాయన అరుగు మీద కూర్చుని చేతులు నలుపుకున్నాడు. చుట్టుపక్కలవాళ్లు వచ్చి తలుపును తట్టి చూశారు, గొళ్లెం నాసిగున్నదిరా, గట్టిది పెట్టుకోకపోతివి అన్నారు. తప్పు తలుపుదే అయింది. ఆ తరవాతి ఏడే కదా బళ్లు మూతపడింది, అరవై తొమ్మిదిలో, పట్నంలో కాల్పులన్నారు, జెండాలన్నారు, ముల్కీ అన్నారు, సార్లు రాలేదు. అప్పుడప్పుడే బడికి పోతోంది తను, పలక మీద ఇంకా మొదటి వరస దగ్గరే ఉంది. మళ్లీ బడి తెరిచేనాటికి తలమీద కంకర తట్ట ఉంది. ఎవరూ ఎత్తమనలేదు, అమ్మ వెంట గుట్టకు పోయింది, తట్ట అక్కడ ఉంది, ఎత్తింది. పలక ఏమైందో గుర్తు లేదు, గొర్రెల కొట్టం చూరులో చెక్కి ఉండాలి.

ఎవరో ఎదురుగా వచ్చి నిలబడ్డారు. తెల్లచొక్కా, సన్నటి కళ్లజోడు, చేతిలో కాగితపు కప్పు. "మీరు పుణ్యవతిగారి అమ్మగారా అండి? నా పేరు భీమేశ్వరరావండి. వాళ్ల మేనేజర్ని. లేవకండి, లేవకండి, కూర్చోండి."

కూతురి నోట విన్న పేరే. రాక్షసుడై ఉంటాడనుకుంది, చూస్తే కూతురి కంటే చిన్నవాడు, కళ్లకింద నిద్రలేని చారలు. మీటింగు మధ్యలో టీకని దిగాడట.

"ఏమన్నా తాగారా అండి? కాఫీ చెప్పనా?"

"వద్దు బిడ్డా. ఇంకెంతసేపు?"

"అయిపోవచ్చిందండి. మీ అమ్మాయి ఒక్క మాట అంటే అయిపోద్ది." అతను ఎదుటి కుర్చీ చేతిమీద కూర్చున్నాడు. "పని విషయంలో ఆవిడకి వంక పెట్టలేమండి. కాకపోతే మొండి. వందల ఫెయిళ్లు చూశారు, అన్నీ మాటల తేడాలే అని ఆవిడే తేల్చారు. ఒక్కటి మాత్రం పట్టుకుని కూర్చున్నారు. అదీ మాటల తేడానే కదండి. మీరైనా చెప్పండి, పెద్దవారు."

"నాకేం తెలుస్తది బిడ్డా. నా మాట అది ఇంటదా."

"ఎవరి పోలికండి ఈ మొండితనం? మీరు చూస్తే మెత్తగా ఉన్నారు."

"వాళ్ల నాయినది" అంది భూలక్ష్మి.

అతను మర్యాదగా నవ్వాడు, కప్పు చెత్తడబ్బాలో వేశాడు, లిఫ్టులోకి వెళ్లిపోయాడు. వాళ్ల నాయన అనగానే ఆయనేం చేసేవారండి అని అడుగుతారు మామూలుగా, ఇతను అడగలేదు, తొందరలో ఉన్నాడు, అడిగినా ఏం చెప్పేది. మాటల తేడానే కదండి. ఎంత తేలిగ్గా అన్నాడు, టీ తాగినట్టు. ఆ ఒక్క ఫెయిలు ఏమిటో పుణ్యవతి పొద్దున జడ వేసుకుంటూ కూడా చెప్పింది. ఏదో దేశంలో దవాఖాన ఉంది, రోగుల నెత్తురు పరీక్షల కాగితాలన్నీ ఒక పాత మిషనులో ఉంటాయి. వాటిని ఇంకో చోటికి ఎత్తే పని మధ్యలో ఆగిపోతే, ఆగింది అని మేస్త్రి ఒక మాట అరవాలి. ఆ ఒక్క మాట కోసం ఇంకో పనివాడు చెవి పెట్టుకుని ఉంటాడు. మాట వినపడితే చేయి దించి ఊరుకుంటాడు. వినపడకపోతే పని పూర్తయిందనుకుని పాత కాగితాలన్నీ ఊడ్చేస్తాడు. ఆ పాత మిషను కూడా ఆగింది అనే చెబుతుంది, కాకపోతే తన యాసలో చెబుతుంది. చెవి పెట్టుకున్నవాడికి ఆ యాస రాదు. "మిగిలినయన్ని మనుషులు సదువుకునే మాటలమ్మా. ఎట్లన్నా సమజైతది. ఇది అట్ల కాదు, ఈ మాటని ఇంకొకడు నమ్ముకొని ఉన్నడు" అంది. రబ్బరుబ్యాండు పళ్లతో పట్టుకుని జడ బిగించుకుని, తల్లి వైపు చూడకుండా, "ఇది నాయిన కేసే" అంది.

ఆకాశంలోంచి స్కైలాబు పడుతుందన్న ఏడాది. ఎక్కడ పడితే అక్కడ పడుతుంది, చచ్చేదెట్లాగూ చస్తాం అని గూడెంలో ఉన్న కోళ్లన్నీ కోసుకు తిన్నారు, పుణ్యవతి నాయన లింగమూర్తి కూడా ఒక పుంజును పట్టుకొచ్చి, తిను భూలక్ష్మీ, మీద పడేదాక కడుపన్న నిండుగుండనీ అన్నాడు. అందరూ మీదికి చూస్తూ తిరిగారు. అది మరెక్కడో సముద్రంలో పడిందన్నాక అందరూ మళ్లీ గుట్ట ఎక్కారు. ఇప్పుడు ఏ బిల్డింగు కింద ఉందో ఆ గుట్ట, ఎన్నిసార్లు ఆటోలో పోతూ వెతికినా గుర్తు దొరకదు, ఒక తుమ్మచెట్టు కూడా మిగల్చలేదు. రాతికి బెజ్జం కొట్టి మందు దట్టించి వత్తి అంటించాక ఆ గుట్టమీద వినపడే మాట ఒక్కటే, ఉరుకుండ్రి. ఎవరు వత్తి అంటిస్తే వాళ్లు అరుస్తారు, ఉరుకుండ్రి, ఉరుకుండ్రి, ఆ మాట చెవిన పడితే తట్ట ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తడమే, ఎందుకని అడిగేది లేదు, కాళ్లకే తెలుసు ఆ మాట. ఆ నెలలోనే కొత్త మేస్త్రి వచ్చాడు, సీతారామయ్య, కృష్ణా జిల్లా నుంచి, నుదుట బొట్టు, నెమ్మదైన మనిషి, ఆడవాళ్లను కూడా అండి అనేవాడు, దానికి వెనక నవ్వుకునేవాళ్లం. అట్లా రాయకూడదు, నవ్వుకునేవాళ్లు. ఆ రోజు మందు అంటించారు, అందరూ పరుగెత్తి బండల చాటుకు పోయారు. పేలలేదు. వత్తి ఆరిందేమోనని లింగమూర్తి బండ చాటునుంచి తల ఎత్తాడు, సగం లేచాడు. ఇంకా మందు పొగ వస్తూనే ఉంది. సీతారామయ్యకు కనపడింది. గొంతు చించుకుని అరిచాడు. ఊరుకోండి, ఊరుకోండి.

కింద కంకర కొడుతున్న భూలక్ష్మికి కూడా వినపడింది. ఏం వినపడింది, ఉరుకుండ్రి. రెండేళ్ల పుణ్యవతిని కొంగులో చుట్టుకుని తనూ పరుగెత్తింది, కిందివైపుకు, అందుకే బతికింది. లింగమూర్తి పరుగెత్తాడు, దాక్కున్న బండ వదిలి, ఎదురుగా. కదలవద్దు, ఉన్నచోటే ఉండు, లేవకు అని చెప్పడానికి సీతారామయ్యకు అమ్మ నేర్పిన మాట అది. ఉరుకు అంటే పరుగెత్తు అని లింగమూర్తికి వాళ్లమ్మ నేర్పిన మాట. రెండు మాటలూ ఒకే గాలిలో నుంచి పోయాయి. పేలింది.

ఎవరూ అబద్ధం చెప్పలేదు, అదే మింగుడు పడదు. సీతారామయ్య తల బాదుకుని ఏడ్చాడు, నేను ఊరుకోమన్నానమ్మా, నా పిల్లలమీద ఒట్టు, ఊరుకోమన్నాను అన్నాడు. నిజమే అన్నాడు. పోలీసు జమేదారు వచ్చి బండ మీద కూర్చుని రాశాడు. నువ్వేం విన్నవ్ అని అడిగాడు. ఉరుకుండ్రి అన్నడు సారూ అంది. మేస్త్రి అట్ల అనలేదంటున్నడు గద అన్నాడు. అనలేదు, నాకు అట్ల వినొచ్చింది అంది. వినొచ్చింది రాయరమ్మా, అన్నది రాస్తరు అని తలవంచుకుని రాసుకుపోయాడు. రాసింది చదివి వినిపించాడు, ఆగి ఉండమని మేస్త్రి హెచ్చరించినా లక్ష్యపెట్టక మృతుడు పరుగెత్తెను. లక్ష్యపెట్టక అంటే ఏంది సారూ అంది. మాట ఇనలే అన్నట్టు అన్నాడు. అది అక్షరాలా అబద్ధమూ కాదు, నిజమూ కాదు, కింద వేలిముద్ర పడింది. గూడెంలో కూడా అదే మాట నిలబడిపోయింది, మూర్తిగాడు మొండోడు, ఆగమంటే ఆగలే. ఒక్క భూలక్ష్మి మాత్రం కూతురికి ఉన్నది ఉన్నట్టు చెబుతూ పెంచింది, మీ నాయిన మాట ఇన్నడు బిడ్డా, ఇన్నడు కాబట్టే పోయిండు. పెళ్లిళ్లకు పోయినా, చావులకు పోయినా, ఎవరైనా మొండోడు అంటే చాలు, ఏడెనిమిదేళ్ల పుణ్యవతి లేచి నిలబడి, మా నాయిన ఇన్నడు అనేది. అంతా నవ్వేవాళ్లు.

అక్షరాలు నేర్పింది బాలాత్రిపురసుందరి అనే ఆవిడ, కొండాపూర్‌లో వాళ్లింట్లో వంట చేసేది భూలక్ష్మి, వాళ్లది కాకినాడ. ఖాళీగా ఉండలేని మనిషి, మధ్యాహ్నాలు పలక ముందు పెట్టి కూర్చోబెట్టేది. అ, ఆ, ఇ, ఈ దాకా బాగానే నడిచింది. తరవాత ఉ రాయించింది, పక్కన ఊ రాయించింది. చూడు భూలక్ష్మీ, ఏమీ లేదు, తోక కొంచెం సాగదీస్తే దీర్ఘం, అంతే తేడా అంది. భూలక్ష్మి బలపం కింద పెట్టేసింది. ఇంతేనా అంది. ఆ, ఇంతే అంది ఆవిడ, సంతోషంగా, కష్టం లేదు అన్నట్టు. తోక. బియ్యపుగింజంత లేదు. అది పలక మీద అట్లా పడుకుని ఉంటే పట్టుకుని చెరిపేయాలని, చేత్తో కాదు, పంటితో కొరికేయాలని అనిపించింది. వారం రోజులు మళ్లీ పలక ముట్టలేదు. ముట్టాక మాత్రం అన్నిటికంటే బాగా వచ్చినవి ఆ రెండే. ఒకసారి వాక్యం రాయమంటే పిల్లి ఉరుకుతున్నది అని రాసింది, ఆవిడ ఎర్రపెన్నుతో కొట్టేసి పరుగెడుతున్నది అని పైన రాసింది. ఉరకడం మీ భాష, పుస్తకంలో అట్లా రాయరు అంది, ప్రేమగానే. తప్పు అని మాత్రం అనలేదు. ఎర్రగీత అన్నది.

"పెద్దమ్మా, జర గట్ల జరుగు, సార్లొస్తున్నరు" అని గార్డు వచ్చి భుజం దగ్గర వంగాడు. పాపం మెత్తగానే చెప్పాడు, పక్కన నిలబడి సోఫా దులిపాడు కూడా. భూలక్ష్మి లేచి గోడవారగా నిలబడింది. బూట్లు గ్రానైటు మీద టకటకమంటూ పోయాయి. ఏమంటుందో. ఒప్పుకోదు. ఒప్పుకోదని తెలుసు, ఒప్పుకోకూడదని మనసులో ఉంది, ఒప్పుకుంటే బాగుండని కూడా ఉంది, రెండూ ఒకే కడుపులో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి, ఒకదాన్నొకటి చూసుకోకుండా. నెలాఖరు తరవాత పుణ్యవతి ఇంట్లో గోడకానుకుని ఎట్లా కూర్చుంటుందో ముందే కనిపించింది. ఆ దేశపు దవాఖాన కనిపించలేదు. చూడాలని గట్టిగా ప్రయత్నించింది, మంచం, మంచం మీద ఎవరో, ముఖం రాలేదు, ముఖం ఉన్నచోట దుమ్ము లేచింది, ఆనాటి తెల్లటి రాతిదుమ్ము, దానిలోంచి ఎవరిదో కాలు.

లిఫ్టు తెరుచుకుంది. పుణ్యవతి మెడలో కార్డు ఉంది. అంటే. భూలక్ష్మి ముందు కార్డే చూసింది, తరవాత ముఖం చూసింది.

"నడువమ్మా, దవాఖాన మూసేస్తరు."

గాజుతలుపు దాటి ఎండలోకి వచ్చాక అడిగింది. "ఏమైంది?"

"ఏముంది. అన్ని పాసైనయ్."

"ఆ ఒక్కటి?"

"అది కూడ పాసైంది."

"మిషను బాగు చేసిన్రా?"

"మిషనుకేం జేస్తరు అమ్మా. జవాబు మార్చినం." పుణ్యవతి ఆటోల వైపు చూస్తూ మాట్లాడుతోంది. "మిషను ఏమంటున్నదో గదే సరైన జవాబని పక్కన రాసి పెట్టినం. ఇప్పుడు పోల్చి చూస్తే రెండు ఒక్కటే. తేడా లేదు."

"ఎవలు రాసిన్రు?"

నానక్‌రామ్‌గూడ, నానక్‌రామ్‌గూడ అని షేర్ ఆటోవాడు అరుస్తున్నాడు.

"నా కుర్చీల నేనే కూసున్న. నా చేతి యేళ్లతోనే కొట్టిన. ఆయన ఎనక నిలవడి థాంక్యూ మేడమ్ అన్నడు." బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుకుంటోంది, సిరా అంటినట్టు. "మాట్లాడతలేవేంది? తిట్టు."

భూలక్ష్మి తిట్టలేదు. పోనీలే బిడ్డా అనలేదు. మంచిపని చేసినవ్ అని నోటిదాకా వచ్చింది, అదీ అనలేదు. కూతురి చేయి పట్టుకోబోతే పుణ్యవతి బ్యాగు ఆ భుజానికి మార్చుకుంది.

"ఒక్కటి చెప్తున్న అమ్మా. ఇగ నాయిన ముచ్చట నా ముంగట తియ్యకు. ఎప్పుడు తియ్యకు."

ఆటో ఎక్కారు. మధ్యలో వేరేవాళ్లు ఎక్కి కూర్చున్నారు. ఆ దేశపు దవాఖాన సంగతి ఏమైందో ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో లింగమూర్తి పేరు ఎత్తింది లేదు. ఎవరైనా చుట్టాలు వచ్చి, మూర్తి మొండోడు, ఆగమంటే ఆగలే అంటే, పుణ్యవతి లేచి లోపలికి పోతుంది. లింగమూర్తి విన్నాడు. ఇంట్లో చెప్పనిది కాబట్టి ఇక్కడ రాయవలసి వచ్చింది.

పేరు భూలక్ష్మి. వయసు అరవై ఆరు. ఉండేది నానక్‌రామ్‌గూడలో, కూతురి దగ్గరే.